చెవిలోన జోరీగను ఓర్చుకోమని వేమన చెప్పాడా?

(ఈ చర్చా బృందంలో ఎవరి మాటకైనా పైన వారి ఊరి పేరే ఉంటుంది.)

ప్రశ్న (అమలాపురం)

మా వీధి గ్రంథాలయం మేడ మీద సాయంత్రం పూట కొందరం ధ్యానానికి కూర్చుంటున్నాం. నేర్పేది రిటైరైన తెలుగు మాస్టారు. కాలువ పక్కన సాయంకాలం దోమలు ఎలా ఉంటాయో ఈ బృందంలో సగం మందికి నేను చెప్పనక్కరలేదు. ఎవరైనా గోక్కున్నా, కాలు చాపినా, నడుము సర్దుకున్నా మాస్టారు కళ్ళు తెరవకుండానే ఒక పద్యం అందుకుంటారు.

చెప్పులోన రాయి చెవిలోన జోరీగ
కంటిలోన నలుసు కాలి ముల్లు
ఇంటిలోన పోరు నింతింత గాదయా
విశ్వదాభిరామ వినురవేమ

"ఇవన్నీ ఓర్చుకున్నవాడే యోగి" అని దాని వెంటనే తాత్పర్యం. ఆయన మీద ఉన్న గౌరవం కొద్దీ అక్కడ అడగలేక ఇక్కడ అడుగుతున్నాను. ఈ పద్యంలో ఓర్చుకోమని ఎక్కడుంది? ఇంకొక సందేహం కూడా ఉంది. ధ్యానంలో ఒంట్లో పుట్టే దురద, తిమ్మిరి, నొప్పి అన్నిటికీ కలిపి కొన్ని పుస్తకాలు "సంవేదనలు" అంటున్నాయి, కొన్ని "వేదనలు" అంటున్నాయి. ఏది సరైనది? మన మాట ఏదైనా ఉందా?

తణుకు

ముందు పద్యం. ఆటవెలది నడక చక్కగా ఉంది. యతులు చె-చె, కం-కా, ఇం-ఇం. పాఠాల్లో "చెప్పులోని", "చెవిలోని" అని కూడా కనిపిస్తుంది. ఛందస్సుకు రెండూ సరిపోతాయి, నాకు "లోన" అన్నదే ఇష్టం.

ఇక అర్థం. ఓర్చుకోమనే క్రియ ఈ పద్యంలో లేదు. ఉన్నదల్లా "ఇంతింత గాదయా" ఒక్కటే, అది కొలత. ఇంతని చెప్పలేనంత బాధ అని. అసలు గురి ఇంటి పోరు మీద. ముందున్న నాలుగూ దానికి పోలికలు. మాస్టారు పోలికలు పట్టుకుని అసలు విషయం వదిలేశారు. ఇంట్లో పోరు పడలేక సాయంత్రం మేడ ఎక్కేవారు మీలో ఎవరైనా ఉంటే, మూడో పాదం జోలికి పోకపోవడం ఆయన దయ అనుకోండి.

"లోన" అనే మాట నాలుగు చోట్ల వచ్చింది చూడండి. దారిలో పడి ఉన్న అంత చిన్న రాయిని ఎవరూ చూడరు. చెప్పులోకి వచ్చిందా, ఊరంతటిలో అదొక్కటే ఉంటుంది. కవి పట్టుకున్నది వస్తువు పరిమాణాన్ని కాదు, అది ఉన్న చోటును. కదలకుండా కూర్చున్నవాడికి ముక్కు మీద దురద పర్వతమంత అవడం కూడా ఇదే కదా.

పైగా ఆ నాలుగూ ఎవరూ ఓర్చుకోని వస్తువులు. చెప్పు విప్పి దులుపుతాం. కంట్లో నలుసు పడితే నీళ్ళు కొట్టుకుంటాం. ముల్లును ముల్లుతోనే తీస్తాం. కాబట్టి నా ఓటు మీకే.

భీమవరం

తణుకు వారు పద్యం వరకు సరిగానే చెప్పారు. ధ్యానం విషయంలో తొందరపడ్డారు. మాస్టారు చెప్పదలచుకున్నది వేమనలో లేకపోవచ్చు, గీతలో ఉంది. రెండో అధ్యాయం, 14వ శ్లోకం.

మాత్రాస్పర్శాస్తు కౌంతేయ శీతోష్ణసుఖదుఃఖదాః
ఆగమాపాయినోఽనిత్యాస్తాంస్తితిక్షస్వ భారత

ఇంద్రియాలకు విషయాలు తగలడం వల్ల చలి, వేడి, సుఖం, దుఃఖం కలుగుతాయి. అవి వస్తాయి, పోతాయి, నిలవవు. వాటిని "తితిక్షస్వ". తెలుగు తాత్పర్యాలు దీన్ని తరచు "ఓర్చుకో" అంటాయి. ఆ మాటలో పళ్ళు బిగపట్టిన ధ్వని ఉంది. తితిక్షకు మూలం తిజ్ ధాతువు. తేజస్సు, తీక్ష్ణం అక్కడి నుంచే వచ్చాయి. ధాతువుకు అర్థం పదును పెట్టడం. ఓర్పు అనే అర్థంలో దానికి సన్ ప్రత్యయం చేరుస్తాడు పాణిని (3.1.5). వ్యుత్పత్తి పట్టుకుని వేదాంతం చెప్పడం నాకూ గిట్టదు, కానీ ఈ ఒక్కచోట పదును అన్నది వదలబుద్ధి కావడం లేదు. దురద పుట్టిన చోటును మొద్దుబారిపోయి భరించడం వేరు, పదునుగా చూస్తూ ఉండడం వేరు. శ్లోకంలో అసలు పట్టు "ఆగమాపాయినః" అన్న మాటలో ఉంది. వచ్చిపోయేవి అని తెలిశాక వాటితో కుస్తీ ఎందుకు?

విపశ్యన అనే బౌద్ధ ధ్యాన శిబిరాలకు వెళ్ళినవారు "అధిష్ఠానం" అనే మాట వినే ఉంటారు. సత్యనారాయణ గోయెంకా 1969లో బర్మా నుంచి వచ్చి మన దేశంలో నేర్పిన పద్ధతిలో, శిబిరం నాలుగో రోజు నుంచి గంటసేపు కాళ్ళు, చేతులు కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చోవాలి. పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో అధిట్ఠానం అంటే దృఢ నిశ్చయం. మన పత్రికలు చదివేవాడికి మాత్రం అధిష్ఠానం అనగానే ఢిల్లీ, టికెట్ల పంపిణీ గుర్తొస్తాయి. ఏ అర్థంలో తీసుకున్నా, అది కదలదు.

పాలకొల్లు

భీమవరం వారు పాళీ దాకా వచ్చారు కాబట్టి నా పని సులువైంది. జోరీగ మీద నేరుగా మాట్లాడిన బౌద్ధ సుత్తం ఉంది. వైనతేయ గట్టున ఆదుర్రు స్తూపం ఉన్న నేలలో ఈ మాట చెప్పుకోవడం ముచ్చటగానే ఉంది.

బుద్ధుని ఉపదేశాల (సుత్తాల) సంపుటి మజ్ఝిమ నికాయంలో రెండోది సబ్బాసవ సుత్తం. చిత్తాన్ని కలతపెట్టే ఆసవాలను వదిలించుకునే దారులు అందులో ఏడు. చూడడం, కాపాడుకోవడం, వాడుకోవడం, ఓర్చుకోవడం, తప్పుకోవడం, తరిమేయడం, సాధన చేయడం. పాళీలో తరిమేయడానికి "వినోదనా" అన్నారు. మనం ఆ మాటకు టికెట్ కొనుక్కుని వెళుతున్నాం, అది వేరే సంగతి.

మన చర్చకు కావలసిన తమాషా మధ్యలో ఉంది. "వాడుకోవడం" అన్న చోట భిక్షువు చీవరం ఎందుకు కప్పుకుంటాడో చెబుతూ చలి, వేడి, డంస, మకస, గాలి, ఎండ, పాకే పురుగులు తగలకుండా అంటుంది. మకస అంటే దోమ. డంస సంస్కృతంలో దంశం. "దంశస్తు వనమక్షికా" అని అమరకోశం. కుట్టే అడవి ఈగ, అంటే దాదాపు మన జోరీగ. తర్వాత "ఓర్చుకోవడం" అన్న చోట మళ్ళీ అదే జాబితా వస్తుంది. అవే డంస, మకసలు, వాటితో పాటు ఒంట్లో పుట్టే తీవ్రమైన నొప్పులు. ఆ తర్వాత "తప్పుకోవడం" అన్న చోట మదించిన ఏనుగు, పాము, గొయ్యి, ముళ్ళున్న చోటు కనిపిస్తాయి.

అంటే జోరీగ రెండు పట్టికల్లో ఉంది, ముల్లు మూడోదానిలో ఉంది. కప్పుకోవడానికి గుడ్డ ఉంటే కప్పుకో. కప్పుకున్నా కుడితే ఓర్చుకో. ముల్లున్న చోట కూర్చోనే వద్దు. మాస్టారు, తణుకు వారు చెరొక పట్టిక పట్టుకుని వాదిస్తున్నట్టుంది.

రెండో ప్రశ్నకు వస్తే, వేదన విద్ ధాతువు నుంచి వచ్చింది. తెలియడం అని అర్థం. బౌద్ధంలో వేదన మూడు రకాలు. సుఖం, దుఃఖం, రెండూ కానిది. మన తెలుగులో వేదన అంటే దుఃఖం ఒక్కటే మిగిలింది. అందుకే "సుఖవేదన" అని రాస్తే పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు. పుస్తకాల్లో "సంవేదన" మేలు. దానిలోనూ కాస్త సానుభూతి వాసన ఉంది, కానీ ఏడుపు లేదు.

రాజోలు

మీరందరూ పండితులు. నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ధ్యానం కూడా కొంత చేస్తాను. అందరికీ కలిపి ఒకే మాట ఎందుకు వెతుకుతున్నారో నాకు అర్థం కాలేదు. రోగి వచ్చి "సంవేదనగా ఉందమ్మా" అంటే నేనేం చేయగలను? "సలుపుతోంది" అంటే ఒకటి, "పీకుతోంది" అంటే ఒకటి, "చిమచిమలాడుతోంది" అంటే మరొకటి. మా వాళ్ళు నవ అంటారు, జిల అంటారు, దురద అంటారు. తిమ్మిరి ఎక్కేటప్పుడు కాలు మొద్దుగా ఉంటుంది, వదిలేటప్పుడు జివజివలాడుతుంది. పిక్క పట్టేస్తుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి. కూర్చున్నప్పుడు నేను చేసేది ఇదే. "నొప్పి" అనుకోను. ఏ రకమో చూస్తాను. సలుపా, పీకా, మంటా అని చూడబోయేసరికి అది ఒక్కచోట, ఒక్కలా ఉండదు. మన జంట మాటలన్నీ అలాంటివే కదా. చిమచిమ, చురచుర, జివజివ. ఉండి ఉండి వచ్చేవాటికే ఆ మాటలు. భీమవరం అన్నయ్య గారు చెప్పిన వచ్చిపోవడం ఏదో వాటిలోనే ఉంది.

ఇక అందరూ వినవలసిన సంగతి. తిమ్మిరి ఎక్కితే రక్తం ఆగిపోయిందంటారు. చాలాసార్లు అది నరం మీద ఒత్తిడి. మోకాలి కింద బయటి వైపు చేతికి తగిలే ఎముక బొడిపె దగ్గర ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. బాసిపట్టు వేసుకుంటే అది నొక్కుకుంటుంది. కాలు మార్చితే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. గంట కొట్టగానే లేచి నిలబడకండి. పాదం నిలవక పడిపోతారు. తిమ్మిరి గంటల తరబడి వదలకపోయినా, పాదం పైకి లేవకపోయినా అది ఓర్చుకునే వ్యవహారం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శే తగ్గిపోవచ్చు. చెప్పులో రాయి ఉన్నా తెలియదు, పుండు పడ్డాక తెలుస్తుంది. అలాంటివారికి రాయి గుచ్చుకోవడం తెలిస్తే అదృష్టం.

దోమ సంగతి కూడా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర కాలువల్లో నీళ్ళు పారించాడు, దోమలు వాటంతటవే వచ్చాయని మా నాన్నగారు అనేవారు. నవ్వులాటకు అన్న మాటే, కానీ ఈ జిల్లాల్లో బోదకాలు చూసిన తరం మాది. అది దోమ వల్లే వస్తుంది. దురదను చూడండి, సరే. దోమను చూస్తూ కూర్చోవద్దు. కిటికీకి మెష్ కొట్టించండి, కూర్చోబోయే ముందు ఫ్యాను వేసుకోండి, నిండు చేతుల చొక్కా తొడుక్కోండి. పాలకొల్లు వారి చీవరం అదే.

మండపేట

నాకు పాళీ రాదు, గేదెలు ఉన్నాయి. పాకలో పడుకుని నెమరువేసే గేదె మీద జోరీగ వాలితే అది లేవదు. వాలిన చోట మాత్రం చర్మాన్ని అదిలిస్తుంది. అక్కడికి అందితే తోక వేస్తుంది. నెమరు ఆగదు. ఓర్చుకుందనాలా, తోలిందనాలా? నాకైతే మీ రెండు పట్టికలూ అందులో ఉన్నాయి.

భీమవరం

మండపేట వారి గేదెకు నమస్కారం. కానీ ఒక అభ్యంతరం. నెమరు ఆపకుండా అదిలించడం గేదెకు పుట్టుకతో వచ్చింది. మనిషి దురదకు చెయ్యి ఎత్తగానే ధ్యానం పోతుంది. తర్వాత చెవి, తర్వాత మెడ, తర్వాత గడియారం. కొత్తవారికి "అవసరమైతే కదలండి" అంటే ప్రతిదీ అవసరమే అవుతుంది. మాస్టారి గద్దింపు వెనక ఉన్నది ఈ అనుభవమే. నాకు తోచిన మధ్యే మార్గం ఒకటి. కదలాలనిపించగానే కదలకూడదు. దురద ఎంత పెరుగుతుందో చూడాలి. చాలావరకు కాసేపటికి తగ్గుతుంది. తగ్గకపోతే, తెలిసి, మెల్లగా కదలాలి. రాజోలు అక్కగారు చెప్పిన తిమ్మిరికి, పదునుగా పొడిచే మోకాలి నొప్పికి ఈ నియమం వర్తించదు. అక్కడ వెంటనే కాలు మార్చాలి.

తణుకు

ఒప్పుకుంటున్నాను. ఒక సవరణతో. "ఓర్చుకో" అన్న మాటను అన్నిటికీ వాడకండి. దురదకు "చూడు", రాయికి "తీయి", దోమకు "కప్పుకో", తిమ్మిరికి "మార్చు". తెలుగులో క్రియలకు కరువు లేదు.

అమలాపురం

అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చంతా మాస్టారికి చదివి వినిపించాను. సబ్బాసవ సుత్తం భాగం రెండుసార్లు చదివించుకున్నారు. వేమన విషయం మాత్రం ఒప్పుకోలేదు. "క్రియ లేనిచోట పాఠకుడు తన క్రియ పెట్టుకోవచ్చు" అన్నారు. మెష్ కొట్టించడానికి చందా వేస్తున్నాం, అందులో మొదటి చందా ఆయనదే. చివరిగా ఒక్క సందేహం. మాలో ఇద్దరు పెద్దవారికి మోకాళ్ళు వంగవు. కుర్చీలో కూర్చుంటామంటే "అది ఆసనం కాదు" అని ఒకరు అడ్డు చెబుతున్నారు. శాస్త్రంలో ఏముంది?

భీమవరం

పతంజలి యోగసూత్రం 2.46 "స్థిరసుఖమాసనమ్" అనే అంటుంది. కాళ్ళు ఎలా మడవాలో చెప్పదు. తర్వాతి సూత్రంలో "ప్రయత్నశైథిల్యం" అంది, బలవంతం సడలించమని. ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం ఆసనాల పేర్లు చెబుతూ పద్మాసనం, వీరాసనం, భద్రాసనం వరసలోనే "సోపాశ్రయం" అని ఒకటి చేర్చింది. ఉపాశ్రయంతో కూడినది, అంటే ఆనుకోవడానికి ఆధారం ఉన్నది. ఆ వరస చివర "యథాసుఖం" కూడా ఉంది, ఎలా సుఖంగా ఉంటే అలా. అడ్డు చెప్పినాయనకు ఆ రెండు మాటలూ చూపించండి.

రాజోలు

కుర్చీ చేతులున్నది తీసుకోండి. ప్లాస్టిక్‌ది వద్దు, వెనక్కి వాలితే ఒరిగిపోతుంది. పాదాలు రెండూ నేలకు ఆనాలి. ఆనకపోతే కింద పీట వేయండి. లేకపోతే తొడల కింద నొక్కుకుని మళ్ళీ తిమ్మిరే.