జ్వరం వచ్చినవాడికి దోమతెర ఎందుకు?

మల్లెపందిరి (హనుమకొండ)
మా ఇంట్లో మూడు రోజులుగా ఒకటే వాదన, మీరైనా తేల్చండి. మరిదికి సోమవారం జ్వరం మొదలైంది. బుధవారం రక్తపరీక్షలో ఎన్‌ఎస్1 పాజిటివ్, అంటే డెంగీ. శుక్రవారం అత్తయ్యకూ జ్వరం, ఆమెకూ డెంగీయే. ఇంట్లో ఉన్నది ఒక్కటే దోమతెర. మామయ్య పట్టుబట్టి దాన్ని మరిది మంచానికి కట్టించారు. అతనేమో "నాకెలాగూ వచ్చేసింది కదా వదినా, ఈ ఉక్కలో నాకెందుకు, పిల్లలకి కట్టండి" అంటాడు. మా తోడికోడలు ఇంకో అడుగు ముందుకేసి "నీ వల్లే అత్తయ్యకు అంటుకుంది" అనేసింది. ఆ మాట విన్నప్పటి నుంచి అతను జావ కూడా సరిగా తాగట్లేదు. ఇంతకీ తెర ఎవరికి కట్టాలి?

గోదారిగట్టు
పిల్లలకే అండి, సందేహం ఎందుకు? వచ్చినవాడికి తెర కట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఒకసారి వచ్చిన రకం డెంగీ మళ్లీ అతనికి రాదు. నాలుగు రకాలున్నాయి, మిగతా మూడూ రావచ్చు, అది వేరే సంగతి.

సూక్ష్మదర్శిని
గోదారిగట్టు గారూ, తెర మరిదిని కాపాడటానికి అనుకుంటున్నారు మీరు. కాపాడాల్సింది దోమని. డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

జ్వరానికి రెండు రోజుల ముందు నుంచి, తగ్గాక రెండు రోజుల దాకా రోగి రక్తం నుంచి దోమకు వైరస్ అంటుకోవచ్చు. ఆ రక్తం తాగిన ఆడ ఏడిస్ (డెంగీ మోసే దోమ) కడుపులో వైరస్ నిజానికి రక్తంతోపాటు అరిగిపోవాలి. అరగదు. అది 50 నానోమీటర్ల బంతి, ఒంటి నిండా 180 'ఈ' ప్రొటీన్లు రెండేసి జతకట్టి చాప పరిచినట్టు ఉంటాయి. పేగు గోడలోని కణం దాన్ని మేత అనుకుని ఒక సంచీలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచీలో పులుపు పెరుగుతుంది. వైరస్ కాచుకుని ఉన్నది దానికోసమే. పులుపు తగలగానే జతలు విడిపోయి మూడేసిగా నిక్కబొడుచుకుంటాయి, తన పొరనీ సంచీ పొరనీ దగ్గరకు లాగి కలిపేస్తాయి. లోపలున్న ఆర్‌ఎన్‌ఏ, అంటే కొత్త వైరస్‌లు ఎలా చేయాలో రాసి ఉన్న జన్యుపదార్థం, కణంలోకి జారిపోతుంది. సుమారు 10,700 అక్షరాల ఒంటి పోగు అది. కణం దాన్ని తన సొంత ఉత్తరమే అనుకుని చదివి ఒక పొడుగాటి ప్రొటీన్ తయారుచేస్తుంది, అది తెగి పది ముక్కలవుతుంది. మూడింటితో కొత్త వైరస్ ఒళ్లు తయారవుతుంది, మిగతా ఏడూ పనివాళ్లు.

మరిది రిపోర్టులో కనబడ్డ ఎన్‌ఎస్1 ఆ ఏడుగురిలో ఒకడే. మన కణాలు దాన్ని రక్తంలోకి ధారాళంగా వదులుతాయి, అందుకే పరీక్షకి దొరుకుతుంది. 2016లో చైనా పరిశోధకులు చూపించింది ఏమిటంటే, రక్తంతోపాటు దోమ కడుపులోకి వెళ్లిన ఎన్‌ఎస్1 అక్కడి పేగు కాపలాని నిద్రపుచ్చుతుంది, వైరస్‌కి దారి సులువవుతుంది. దోమ కుట్టే ఎలుకలో ముందే ఎన్‌ఎస్1కి యాంటీబాడీలు ఉంటే దోమకు అంటుకోవడం బాగా తగ్గిపోయింది. అంటే మనిషి ఒంట్లో ఉండగానే వైరస్ దోమ కడుపుకి దారి సిద్ధం చేసుకుంటోంది. ఇప్పుడు చెప్పండి, తెర ఎవరికి?

గోదారిగట్టు
బాగా చెప్పారు మేడమ్. కానీ ఇవాళ మరిదిని కుట్టిన దోమ ఇవాళే పిల్లల్ని కుడితే ఏమవుతుంది? ఏమీ కాదు. వైరస్ దాని కడుపు దాటి ఉమ్మిలోకి రావడానికి 8 నుంచి 12 రోజులు పడుతుందని మా ఊరి ఏఎన్ఎం కూడా చెప్తుంది. బయట ఏడిస్ రెండు వారాలు బతికితే గొప్ప. చాలావాటికి ఆ యోగం ఉండదు. కానీ మరిదిని కుట్టి జ్వరం తెప్పించిన దోమ ఉందే, దాని ఉమ్మిలో వైరస్ ఇప్పటికే ఉంది. ఇంకా బతికుంటే ఏ మంచం కిందో, హ్యాంగర్‌కి వేలాడే చొక్కాల వెనకో ఉంటుంది. చచ్చేదాకా దానికి వైరస్ వదలదు. వచ్చేవారం సంగతి వచ్చేవారం, ఇవాళ పిల్లల్ని చూడండి.

కాక_కరీంనగర్
ఇద్దరు మంచిగనే కొట్లాడుతున్నరు గని గా దోమ కుట్టేదే పగలు గదా. పొద్దుగాల ఓసారి, పొద్దుగూకే ముంగట ఓసారి. రాత్రి తెర కట్టుకొని పండుకుంటే ఏమొస్తది? మా వాడకట్టుకు పొగ మిషన్ వస్తే పోరగాండ్లు దాని ఎంబడి ఉరుకుతరు. దోమలు ఇంట్ల పరదాల ఎనుక సల్లగ కూసుంటయి.

సూక్ష్మదర్శిని
కాకా, మీరు నా పక్షాన మాట్లాడారు, తెలియకుండానే. పగలు మంచం మీద ఉండేది ఎవరు? జ్వరం వచ్చినవాడే. పిల్లలు పగలంతా తెరలో ఉంటారా? ఉన్న ఒక్క తెర పగటిపూట పనికొచ్చేది రోగి దగ్గరే. పిల్లలకి నిండు చేతుల చొక్కా, ఒంటికి పూత మందు.

గోదారిగట్టు గారి మాటలో సగం ఒప్పుకుంటాను. ఇంట్లో ముదురు దోమ ఒకటి ఉండొచ్చు. కానీ రోగి ఒక్కడు వారంలో ఎన్ని కొత్త దోమలకి ఎక్కిస్తాడో ఆలోచించండి. 2022లో ఎలుకల మీద చేసిన పనిలో, డెంగీ సోకిన ఒంటి చర్మం మీది బ్యాక్టీరియా మారిపోయి అసిటోఫినోన్ అనే వాసన పదార్థం ఎక్కువగా వదులుతుందని, దోమలు ఆ వాసనకి మరిగి వస్తాయని తేలింది. డెంగీ రోగుల చర్మం మీదా అది ఎక్కువగానే కనబడింది.

పైగా ఆ 8-12 రోజులు రాతిమీద గీత కాదు. 25 డిగ్రీల దగ్గర రెండు వారాలు పట్టేది 30 దగ్గర వారంలో అయిపోవచ్చు. ఈ లోపల దోమ ఊరికే ఉండదు. వైరస్ నకళ్లు తీసుకునేటప్పుడు ఏర్పడే జంటపోగుల్ని డైసర్-2 అనే కత్తెర పట్టుకుని 21 అక్షరాల తునకలుగా కోస్తుంది, ఆ తునకల్నే గుర్తుగా పెట్టుకుని మిగతా ఆర్‌ఎన్‌ఏని వెతికి నరుకుతుంది. అయినా మొత్తం తుడిచిపెట్టదు. వైరస్ దోమని చంపదు, దోమ వైరస్‌ని చంపదు. ఇద్దరి మధ్యా ఏదో ఒప్పందం కుదిరినట్టే (నాకు ఈ పాఠంలో బాగా నచ్చే చోటు ఇదే). పేగు దాటి, ఒంట్లోని ద్రవంలో తిరిగి, చివరికి లాలాజల గ్రంథుల్లో చేరుతుంది. తర్వాత కుట్టినప్పుడు ఉమ్మితోపాటు వైరస్ ఆర్‌ఎన్‌ఏ తునకలు కూడా కొన్ని చర్మంలోకి దిగుతాయి, అవి అక్కడి కణాల హెచ్చరికను అణిచేస్తాయి.

మల్లెపందిరి గారూ, ముఖ్యంగా మీకు ఒక లెక్క. మరిది నుంచి దోమకు అంటుకున్నది తొందరగా అంటే శనివారం. ఉమ్మిలోకి రావడానికి కనీసం ఒక వారం. అది అత్తయ్యని కుట్టాక జ్వరం రావడానికి మళ్లీ 4 రోజులు తక్కువ కాదు. ఎంత గబగబా జరిగినా 11 రోజులు. ఆమెకి జ్వరం వచ్చింది ఆ శనివారానికి ఆరో రోజున. మరిది వల్ల రాలేదు. చాలామటుకు ఇద్దర్నీ కుట్టింది ఒకే దోమ. ఏడిస్‌కి ఒకచోట కూర్చుని కడుపు నింపుకునే ఓపిక లేదు, కదిలిస్తే లేచి పక్కవాళ్ల మీద వాలుతుంది. ఈ సంగతి ముందు అతనికి చెప్పండి.

సింగపూర్_శీను
ఇక్కడ 2016 నుంచి వోల్బాకియా బ్యాక్టీరియా ఎక్కించిన మగ దోమల్ని వదులుతున్నారు. మగది కుట్టదు, దానితో జతకట్టిన మామూలు ఆడది పెట్టిన గుడ్లు పొదగవు. ఇండోనేసియాలో యోగ్యకర్తాలో అయితే ఆడవాటినీ వదిలారు. వోల్బాకియా ఉన్న దోమ కణంలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. వదిలిన పేటల్లో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో లెక్కలొచ్చాయి. తెర గొడవే ఉండదు.

కాక_కరీంనగర్
శీనూ, గవి హనుమకొండకు వచ్చేదాంక ఆమె మరిదికి జ్వరం ఆగుతదా?

గోదారిగట్టు
మేడమ్, పదకొండు రోజుల లెక్కకి దండం. అయినా మీ "రోగికే తెర" మాట నాకు పూర్తిగా ఎక్కట్లేదు. జ్వరం లేకుండా, ఏ లక్షణమూ లేకుండా వైరస్ మోసేవాళ్ల సంగతి? కంబోడియాలో చూశారు కదా, 2015లో అచ్చయింది. ఒంట్లో బాగున్నవాళ్ల రక్తం నుంచి కూడా దోమలకి అంటుకుంది. ఆ ఇంట్లో మామయ్యగారికో పిల్లలకో లోపల ఉండి బయటపడకపోవచ్చు. ఒక్క మంచానికి తెర కట్టేసి దోమకి వైరస్ దొరకదు అనుకోవడం సబబు కాదు.

సూక్ష్మదర్శిని
దొరకదు అనలేదు, తక్కువ దొరుకుతుంది అన్నాను. తెలిసిన ఒక్కడిని వదిలేసి తెలియనివాళ్ల కోసం వెతకమంటారా?

గోదారిగట్టు
రెండూ చేయమంటాను. తెర ఒక్కటే ఉంటే మాత్రం ఇప్పటికీ పిల్లలకే.

మల్లెపందిరి
అందరికీ ధన్యవాదాలు. పదకొండు రోజుల లెక్క కాగితం మీద రాసి మరిదికి చూపించాను. రెండుసార్లు చదివి, దాన్ని తోడికోడలికి ఇవ్వమన్నాడు. ఇచ్చాను. ఆమె ఏమీ అనలేదు గానీ సాయంత్రం జావ తనే కాచి పట్టుకెళ్లింది.

తెర మరిదికే ఉంచాం. ఇంకో రెండు ఆర్డర్ పెట్టాం, ఎల్లుండి వస్తాయట. కాక గారు పరదాలు అన్నారని ఇల్లంతా దులిపాను. కూలర్‌లో నీళ్లు లేవు, డ్రమ్ములకి మూతలున్నాయి, ఎక్కడా ఏమీ లేదనుకున్నాం. చివరికి మామయ్య టార్చి పట్టుకుని ఫ్రిజ్ వెనకాల ట్రే లాగారు. అరచెయ్యి లోతు కూడా లేని నీళ్లలో నల్లటి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి, వెలుగు పడగానే గిలగిలా కిందికి పోయాయి. ఫ్రిజ్ కొన్న ఆరేళ్లలో దానికి ట్రే ఉందని మాలో ఎవరికీ తెలీదు. అది ఉన్నది అత్తయ్య పగలు కునుకు తీసే మంచానికి రెండడుగుల దూరంలో.