నమీబియాలో సొంతంగా కారు నడుపుకుంటూ... పెద్దవాళ్లతో వీలవుతుందా?

ఆగస్టులో అమ్మానాన్నలను నమీబియా తీసుకెళ్లాలని ఉంది. రాజధాని విండ్‌హుక్‌లో కారు అద్దెకు తీసుకుని సోసుస్‌వ్లే ఇసుక దిబ్బలు, సముద్రతీర పట్టణం స్వాకోప్‌ముండ్, ఎటోషా జాతీయ పార్కు చూడాలని ప్లాన్. అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగే కాబట్టి ఆ టెన్షన్ లేదు. భయమల్లా కంకర రోడ్ల గురించే. మామూలు కారు సరిపోతుందా, ఫోర్ వీల్ డ్రైవ్ తప్పదా?

నాన్నకు సోసుస్‌వ్లే దగ్గరున్న డెడ్‌వ్లే చూడాలని మహా కోరిక. తెల్లటి మట్టి నేల మీద వందల ఏళ్ల కిందట ఎండిపోయి, కుళ్లకుండా అలాగే నిలబడ్డ తుమ్మ జాతి చెట్లు, వెనక ఎర్రటి ఇసుక దిబ్బలు. చివరి 5 కిలోమీటర్ల ఇసుక దారికి షటిల్ ఉందట. దిగాక ఇంకో కిలోమీటరు పైగా ఇసుకలో నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎవరైనా వెళ్లారా?

ఎటోషాలో ఒకౌకుయో క్యాంపు నీటిగుంట దగ్గర రాత్రంతా లైట్లుంటాయి, ఖడ్గమృగాలు, ఏనుగులు అక్కడికే వస్తాయి. పగలంతా తిరిగే బదులు అక్కడే కూర్చోవడం మేలేమో?

హింబా తెగవాళ్ల పల్లెలకు వెళ్లాలా వద్దా అన్నదీ తేలడం లేదు. మనుషుల్ని ప్రదర్శనలా చూడటం నాకు నచ్చదు. వాళ్లకూ ఇష్టమై, డబ్బు నేరుగా వాళ్లకే అందేలా వెళ్లినవాళ్లుంటే చెప్పండి. అన్నట్టు అమ్మ శాకాహారి. ఊళ్లు దాటాక కూరగాయలు, పప్పులు దొరుకుతాయా, విండ్‌హుక్‌లోనే కొని పెట్టుకోవాలా?