మూడో తరగతి పిల్లలకి బంతి పట్టుకోవడం రావట్లేదు, ఏం చేయించాలి?

నమస్కారమండి. శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా మూడో తరగతిలో కొందరు ఒంటికాలి మీద గెంతలేకపోతున్నారు, మెల్లగా విసిరిన బంతి కూడా పట్టలేకపోతున్నారు. ఆడపిల్లలు తొక్కుడుబిళ్లలో గట్టివాళ్లే, విసరడంలోనే వెనకబడుతున్నారు. వాళ్ల చేతికి బంతి ఇచ్చేదెవరు? అదే అసలు కారణమని నా నమ్మకం.

గెంతడం, విసరడం, పట్టుకోవడం వయసుతో వాటంతటవే పూర్తిగా రావు, నేర్పాలి. బరువు, చూపు, ఫోను, ఆడుకునే చోటు కూడా ప్రభావం చూపుతాయి. 5–17 ఏళ్లవాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మా బడిలో పీఈటీ (వ్యాయామ టీచరు) లేరు.

ఎవరికి ఏది అడ్డమో తరగతిలోనే ఎలా కనిపెట్టాలి? ఏ లక్షణాలుంటే డాక్టరుకి చూపించమనాలి? పీఈటీలు, ఫిజియోథెరపిస్టులు దయచేసి చెప్పండి.