ఓపీటీ అయిపోవస్తోంది, లాటరీ తగల్లేదు: రెండో మాస్టర్స్‌లో చేరాలా?

పల్నాటి_డేటా (డాలస్):
కంప్యూటర్ సైన్స్‌లో ఎం.ఎస్. చేశాను. ఏడాది ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి), ఆపైన సైన్స్, టెక్నాలజీ కోర్సులవాళ్లకిచ్చే 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్, రెండూ ఆగస్టుతో సరి. హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీలో ఒక్కసారీ పేరు రాలేదు. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన లోన్ సగం కూడా తీరలేదు. డే వన్ సీపీటీ (చదువుతూనే కోర్సులో భాగంగా పని చేసే అనుమతి) ఇచ్చే కాలేజీలో రెండో మాస్టర్స్‌కి చేరితే మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చంటున్నారు. చేరనా, వద్దా?

చార్లట్_అన్న:
చేరు తమ్ముడూ. నేనూ అదే చేశా, తర్వాతి మార్చిలోనే లాటరీలో పిక్ అయింది. అప్పు నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్లి రూపాయల జీతంతో కట్టాలంటే ఎన్నేళ్లు పడుతుంది? ఫీజు వాయిదాల్లో కట్టొచ్చు. నీతులు చెప్పేవాళ్లు నీ ఈఎంఐ కట్టరు.

వీసా_వేదాంతి:
అన్నా, మీకు కలిసొచ్చింది, సంతోషం. కానీ మీ రోజులు వేరు.

తమ్ముడూ, ఈ డిగ్రీ నీకు ఇచ్చేదేంటో చూడు. అదే స్థాయి కాబట్టి కొత్త ఓపీటీ రాదు. అమెరికా మాస్టర్స్ వాళ్లకిచ్చే 20,000 కోటాలో నువ్వు ఇప్పటికే ఉన్నావు, రెండో డిగ్రీకి అదనంగా చీటీ వేయరు. 2026 నుంచి చీటీలు పెరిగేది జీతం లెవెల్‌ని బట్టి: అన్నిటికన్నా పైదైన నాలుగో లెవెల్‌కి నాలుగు, అన్నిటికన్నా కిందిదైన ఒకటో లెవెల్‌కి ఒకటి. అంటే నువ్వు కొనేది చదువు కాదు, టైమ్. కొనుక్కో, తప్పని అనను. ధర తెలుసుకుని కొను.

మామూలుగా ఒక విద్యా సంవత్సరం చదివాకే సీపీటీ. కోర్సులో భాగంగా వెంటనే పని చేసి తీరాలన్న పీజీ ప్రోగ్రాములకే మినహాయింపు. రేపు లాటరీ తగిలాక యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ శాఖ) నుంచి ఆర్‌ఎఫ్‌ఈ (మరిన్ని ఆధారాలు పంపమనే నోటీసు) వస్తే, క్లాసులకు నిజంగా వెళ్లావా, నీ ఉద్యోగానికీ సిలబస్‌కీ పొంతన ఏంటి అని అడుగుతారు. వీకెండ్ క్లాసులకు వెళ్లిన ఫ్లైట్ టికెట్లు, హోటల్ బిల్లులు కూడా దాచిపెట్టుకోవాల్సిందే. ఆన్‌లైన్ క్లాసయితే టర్మ్‌కి ఒక్కటే లెక్కలోకొస్తుంది. స్టూడెంట్ స్టేటస్ సరిగా లేదని తేల్చారో, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కి దేశం దాటాలి. 2025 సెప్టెంబరు ప్రకటన ప్రకారం అప్పుడు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. నీ కంపెనీ కడుతుందా?

2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి మర్చిపోయారా? మిషిగన్‌లో ప్రభుత్వ ఏజెంట్లే పెట్టిన బోగస్ కాలేజీ. క్లాసుల్లేవు, పంతుళ్లు లేరు. దొరికినవాళ్లలో మన తెలుగు పిల్లలే బోలెడుమంది.

చార్లట్_అన్న:
అది దొంగ కాలేజీ. నేను చెప్పేది గుర్తింపు ఉన్నవాటి గురించి. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

పీహెచ్‌డీ_పక్షి:
చదవాలనే ఉంటే పీహెచ్‌డీ చూడండి. పై స్థాయి కాబట్టి ఓపీటీ మళ్లీ వస్తుంది. మా ల్యాబ్‌లోలాగా చాలాచోట్ల ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. అయితే ఆ స్టైపెండ్‌తో లోన్ తీరదు, ముందే చెప్తున్నా. యూనివర్సిటీ ఉద్యోగాలకైతే లాటరీతో పనే లేదు, జీతం తక్కువైనా అవీ వెతకండి.

పల్నాటి_డేటా:
పీహెచ్‌డీకి నాకు ఓపిక లేదు. యూనివర్సిటీ ఐటీ పోస్టులకు అప్లై చేస్తున్నా. వీకెండ్ క్లాసులెన్ని, సిలబస్ పంపండి అని ఆ కాలేజీకి మెయిల్ పెట్టా. "ముందు డిపాజిట్ కట్టండి" అని జవాబొచ్చింది.

చార్లట్_అన్న:
నాకు కట్టకముందే పంపారు. ఆ కాలేజీ వద్దు. వేరేది చూద్దాం, ఇన్‌బాక్స్‌కి రా.