అప్‌డేట్: మెట్ల అంచు పట్టీలు ఇప్పుడు కదలడం లేదు

లామినేట్ (చెక్క పలకల ఫ్లోరింగ్) వేసిన మెట్లకు బిగించిన అల్యూమినియం నోసింగ్, అంటే అంచు పట్టీ, అడుగు పడినప్పుడల్లా కదులుతోందని, మా అమ్మ ఒకసారి జారబోయిందని ఇంతకుముందు రాశాను. మీరు చెప్పినట్టే ఒక మెట్టు విప్పి చూశాను. గదుల్లో వేసినట్టే ఇక్కడా చెక్క కింద ఫోమ్ పరిచారు! కాలు పడగానే ఫోమ్ అణిగి, చెక్క దిగి, పట్టీని పట్టుకున్న సిలికాన్ జిగురు కొద్దికొద్దిగా ఊడిపోయింది.

పదమూడు మెట్లకూ ఫోమ్ తీసేశాం. దుమ్ము పూర్తిగా తుడిచి, చెక్కలను పాలియురేథేన్ జిగురుతో నేరుగా కాంక్రీటుకే అంటించాం. నోసింగ్‌కు జిగురుతో పాటు మరలు కూడా వేశాం. మొదటి మెట్టులో రంధ్రం అంచుకు మరీ దగ్గరగా పడి, అరచేతిలో సగమంత కాంక్రీటు పెచ్చు ఊడింది. ప్రాణం ఉసూరుమంది. మిగతా వాటికి వెడల్పైన పట్టీలు తెచ్చి, అంచు నుంచి 40 మిల్లీమీటర్లు లోపల తొలిచి, మరలు పట్టుకునే ప్లగ్గులు దించాం.

పైమెట్టు దగ్గర హాలు చెక్కలను మాత్రం అంటించలేదు. అవి ఉబ్బడానికి 8 మిల్లీమీటర్ల సందు వదిలాం, పట్టీ దాన్ని కప్పేసింది.

ఒక రోజంతా ఎవరినీ మెట్లెక్కనివ్వలేదు. నిన్న అమ్మ గోడ పట్టుకోకుండా దిగింది. సిలికాన్ ఒక్కటే చాలదని మొదట హెచ్చరించిన వారికి మనసారా కృతజ్ఞతలు.