ఫౌంటెన్ నీళ్లు: పాలధారలా రావాలంటే ఎంత షట్టర్, చుక్కలు ఆగాలంటే ఎంత?

ప్రశ్న:
విశాఖలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరి సెంట్రల్ పార్కులో సాయంత్రం పూట ఫౌంటెన్ తీస్తున్నాను. క్రాప్ సెన్సర్ కెమెరా, 18-55 కిట్ లెన్స్, ట్రైపాడ్ ఉన్నాయి. ఆటోలో షట్టర్ 1/60 సెకను పడుతోంది. నీళ్లు పాలధారలా రావడం లేదు, చుక్కలుగానూ ఆగడం లేదు. తెల్లటి మసకలా ఉంటున్నాయి. ఎక్కడ పొరపాటు? ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సులోకి వచ్చే వెలుగు తగ్గించే నల్లద్దం) తప్పదా?

జవాబు 1:
1/60 రెంటికీ చెడ్డ రేవడండీ. రెండు మీటర్ల ఎత్తు నుంచి పడే చుక్క కిందికొచ్చేసరికి సెకనుకు ఆరు మీటర్ల పైచిలుకు వేగం అందుకుంటుంది. 1/60లో అది పది సెంటీమీటర్లు జారిపోతుంది. 1/1000లో ఆరు మిల్లీమీటర్లు, 1/2000లో మూడు. చుక్క చుక్కగానే కనబడాలంటే 1/2000కి వెళ్లాలి. నిట్టనిలువుగా ఎగిరే ధార కొసన మాత్రం నీరు ఒక్క క్షణం నిలబడి తిరగబడుతుంది. ఆ కొసనే ఫ్రేములో పెడితే 1/500 కూడా సరిపోతుంది.

షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ మీరు ఎంచుకుంటే మిగతాది కెమెరా చూసుకునే మోడ్) పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 400 నుంచి మొదలుపెట్టండి, చీకటి పడేకొద్దీ 1600 దాకా పెంచొచ్చు. ఆటోఫోకస్‌ను నీళ్ల మీద నమ్మకండి, అటూ ఇటూ వెతుక్కుంటూ ఉంటుంది. నాజిల్ మీద ఫోకస్ పట్టి, మాన్యువల్‌కి మార్చేయండి.

జవాబు 2:
షట్టర్ కంటే ముందు ఎక్కడ నిలబడ్డారో చూసుకోవాలి. నీటికి సొంత రంగు లేదు, వెనకనుంచి వెలుగు తగిలితేనే మెరుస్తుంది. మన ఊళ్లో సాయంత్రం ఎండ పడమటి నుంచి, గాలి సముద్రం వైపు నుంచి వస్తాయి. సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ధార వెనక సూర్యుడుంటాడు, తుంపరలు కూడా మీ మీదికి రాకుండా అవతలికి పోతాయి. వెనక ఆకాశం కాకుండా చెట్ల నీడ పడేలా కిందికో పక్కకో జరగండి. ఆకాశం తెలుపులో నీళ్ల తెలుపు కలిసిపోతుంది, మీరన్న మసకకు సగం కారణం అదే కావచ్చు.

నల్లటి నేపథ్యం చూసి మీటర్ ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ -0.7 నుంచి -1 మధ్య పెట్టి, హైలైట్ హెచ్చరిక (మరీ తెల్లబడ్డ చోట్లను తెర మీద మిణుకుతూ చూపేది) ఆన్ చేసుకోండి. నీళ్లలో ఒక్కసారి పూర్తిగా తెల్లగా కాలిపోయిన చోటు రా ఫైలులోనూ (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫైలు) తిరిగి రాదు.

జవాబు 3:
పాలధార సంగతి. 1/4 నుంచి 1/2 సెకను మధ్య బాగుంటుంది. రెండు మూడు సెకన్లకు వెళితే ధార ఆకారమే పోయి పొగలా మిగులుతుంది. నిండు ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర 1/200 వస్తుంది. ఎన్‌డీ64 ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగం) తగ్గిస్తుంది కాబట్టి 1/3 సెకను దొరుకుతుంది. సూర్యాస్తమయం తర్వాత ఎన్‌డీ8 చాలు. ఫిల్టర్ తప్పించుకుందామని ఎఫ్/22కి మూసేయకండి, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దగ్గర వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆపండి, 2 సెకన్ల టైమర్ వాడండి.

ప్రశ్న అడిగినవారు:
ఫిల్టర్ కొనేలోపు వేరే దారి ఉందా?

జవాబు 3:
ఉంది. ట్రైపాడ్ కదలకుండా మాన్యువల్‌లో 1/30 చొప్పున 16 ఫొటోలు తీయండి. కలిపితే అర సెకను నీళ్లు. జింప్‌లో (ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) లేయర్లుగా పేర్చి, కింది నుంచి ఒపాసిటీ (లేయర్ ఎంత గాఢంగా కనబడాలో చెప్పే శాతం) 100, 50, 33, 25 ఇలా ఇవ్వండి. ఎన్నో లేయరైతే 100ని అంతతో భాగించడమే. ఆకులు గాలికి ఊగితే అవి కూడా చెదురుతాయి, ఆ భాగానికి ఒక్క ఫొటోనే మాస్క్ చేసి ఉంచండి.

జవాబు 1:
దీపాలు వెలిగాక ఒక్క జాగ్రత్త. రంగుల ఎల్‌ఈడీల కింద ఎక్కువ షట్టర్ స్పీడ్ పెడితే ఫొటోలో అడ్డచారలు పడొచ్చు. 1/50కో 1/100కో దిగి చూడండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, రంగు మారినప్పుడల్లా అదీ మారుతుంది. 4500 కెల్విన్ దగ్గర కట్టేయండి. హిస్టోగ్రాంలో (వెలుగు పంపకం చూపే గ్రాఫ్) ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూడండి, వెలిగే రంగును బట్టి ఏదో ఒకటి ముందే కాలిపోవచ్చు.