మందిరం తెరుచుకుంది కదా, ఇక లైవ్ ఆపేద్దామా?

సంఘపెద్ద
అందరికీ వందనాలు. మాది గుంటూరు దగ్గర పల్లెలో లూథరన్ సంఘం. 2020 మార్చి 22న, జనతా కర్ఫ్యూ ఆదివారం, గుడికి తాళం వేశాం. ఆరాధన ఫోన్లో లైవ్ పెట్టాం, ఆ ఏడు ఈస్టర్ కూడా అలాగే. జూన్ 8 నుంచి తెరుచుకోవచ్చని ప్రభుత్వం చెప్పినా భయపడి ఆగాం. తర్వాత తెరిచాం, సెకండ్ వేవ్‌లో మళ్లీ మూశాం. ఇప్పుడు అంతా మామూలే, కానీ సగం బెంచీలు ఖాళీ. ఈ మధ్య ఓ ఆదివారం ఒకాయన చికెన్ కొట్టు దగ్గర లైన్లో నిలబడి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మా పాస్టర్ అయ్యగారి ప్రసంగం వింటున్నాడు. లైవ్ ఆపితే గానీ జనం రారని కమిటీలో అన్నాను. మీరేమంటారు?

డాలస్‌లో ఉంటా
ఆపకండి అన్నా. అక్కడ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర అంటే, వేసవిలో మాకు శనివారం రాత్రి పదకొండు. పిల్లలు పడుకున్నాక మా ఊరి గుడి లైవ్ పెట్టుకుంటాను. గంట మోగుతుంటే వీధి కుక్క అరుస్తుంది చూడండి, దానికోసమే సగం.

వాక్యం ముఖ్యం
బైబిల్లో హెబ్రీ 10:25 చూడండి. సమాజంగా కూడడం మానొద్దని స్పష్టంగా ఉంది. ఇంకా చర్చ దేనికి?

సండేస్కూల్ టీచర్
బ్రదర్, బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక, అంటే ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం, పౌలు చెరలో ఉండి రాసిందే కదా. మనిషి వెళ్లలేకపోతే ఉత్తరం వెళ్లింది. లైవ్ కూడా అలాంటిదే అనుకోవచ్చుగా.

కిడ్నీ మార్పిడి అయినవాణ్ణి
నేను రోజూ మందులు వేసుకునేదే పెట్టిన కిడ్నీ మీద శరీరం ఎదురు తిరగకుండా. వాటితో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, అందుకే నాకు జలుబు చేసినా టెన్షనే. 2020 మార్చిలో అమెరికాలోని స్కాజిట్ వ్యాలీలో ఒక కోయిర్ రిహార్సల్‌కి 61 మంది వెళ్తే 53 మందికి కోవిడ్ వచ్చింది, ఇద్దరు పోయారు. కిటికీలు మూసుకుని గొంతెత్తి పాడే చోటికి నన్ను రమ్మంటే ఎలా? అప్పుడు 65 దాటినవాళ్లని ఇంట్లోనే ఉండమన్నదీ మీరే, ఇప్పుడు రాలేదని నిష్ఠూరమాడేదీ మీరే.

కీర్తనల పిచ్చి
మీ ఇబ్బంది అర్థమైందండీ. కిటికీలు తీయించడం కష్టమేం కాదు. కానీ జూమ్‌లో కీర్తన పాడారా ఎప్పుడైనా? మేం పల్లవి అందుకుంటే విజయవాడ పిన్ని చరణంలో ఉండేది, బాబాయి ఇంకా శ్రుతి చేసుకుంటూ ఉండేవాడు. చివరికి అందరినీ మ్యూట్ చేసి ఒక్కరే పాడారు. దాన్ని సంఘం పాడిందంటే ఒప్పుకోను.

అమ్మమ్మ మనవరాలు
మా అమ్మమ్మ తుంటి విరిగి మంచంలో ఉంది. కోవిడ్‌కి ముందు అయ్యగారు నెలకోసారి ఇంటికొచ్చి ప్రభువు సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చేవారు. ఆయన వస్తారంటే అమ్మమ్మ పొద్దున్నే తల దువ్వించుకుని, ఉతికిన దుప్పటి పరిపించుకునేది. లైవ్ మొదలయ్యాక ఆయన రావడం మానేశారు. అడిగితే, "మామ్మగారు ఫోన్లో చూస్తున్నారుగా" అన్నారు. అమ్మమ్మ ఏమందో తెలుసా? "నాకు ఆయన కనబడతాడే, ఆయనకే నేను కనబడను." లైవ్ ఆపితే మా అమ్మమ్మకి ఆ కాస్తా పోతుంది. ఉంచితే ఇదిగో, ఇదీ వరస. ఖాళీ బెంచీలు లెక్కపెట్టేవాళ్లు, ఖాళీగా లేని మంచాలు కూడా లెక్కపెట్టండి.

డాలస్‌లో ఉంటా
చెల్లీ, నేనూ ఇదెప్పుడూ ఆలోచించలేదు. మా అమ్మకి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

సంఘపెద్ద
అమ్మా, మా ఊళ్లోనూ ఇదే జరిగింది. రాత్రి కూర్చుని మంచాన పడ్డవాళ్ల పేర్లు రాస్తే పదకొండు తేలాయి, అందులో నాలుగు మా ఆవిడ గుర్తు చేస్తే రాసినవి. వచ్చే ఆదివారం సాయంత్రం అయ్యగారినీ నా బండి మీద ఎక్కించుకుని బయల్దేరుతున్నాం. కుర్రాళ్ల విషయంలో మాత్రం నా మాట నాదే. కాళ్లూ చేతులూ ఆడేవాడికి లైవ్ ఎందుకండీ?

సండేస్కూల్ టీచర్
అంతా బాగుంది గానీ అన్నయ్యగారూ, ఆరాధన టైములో మీరు చికెన్ కొట్టు దగ్గర ఏం చేస్తున్నట్టు?